పావుగంటకే తెరిచిన సీసా

ముందు మీతోనే మాట్లాడాలి. అద్దాల గదుల్లో కూర్చుని "కానివ్వండి, కానివ్వండి, టైం లేదు" అనే పెద్దమనుషులతో. ఆ పొద్దున సీసా మూత తీయించింది మీరు. చెయ్యి మా పిల్లదే, తొందర మీది. పదకొండింటికి కంపెనీ బోర్డు వాళ్ళు అద్దం అవతల నుంచి నడిచిపోతుంటే లోపల యంత్రం తిరుగుతూ కనిపించాలన్న ముచ్చట మీది. ఆ ముచ్చట ఇప్పుడు మనుషుల ఒంట్లో ఉంది. తీసేద్దామంటే తీయరాదు, కక్కిద్దామంటే కక్కరాదు.

పోయిన వారం చదవని వాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను.

మూర్ఛ జబ్బు వాళ్ళకి పూటపూటా మాత్రలు మింగే బాధ తప్పించి, నెలకొక్క సూదితో సరిపెట్టాలని ఒక మందుల కంపెనీ పూసలు తయారుచేస్తోంది. పూసలంటే మెడలో వేసుకునేవి కావు. తల వెంట్రుక మందంలో సగం ఉండే గుండ్రటి రేణువులు. ఆపరేషన్ అయ్యాక విప్పక్కర్లేకుండా ఒంట్లోనే కరిగిపోయే కుట్ల దారం ఉంటుంది చూడండి, అలాంటి పదార్థంతోనే వీటినీ చేస్తారు. ప్రతి పూస కడుపులోనూ మందు ఉంటుంది. ఒంటి తడికి పూస రోజుకింత అరుగుతుంది, మందు రోజుకింత బయటికొస్తుంది. నెల తిరిగేసరికి పూసా ఉండదు, మందూ ఉండదు. అయితే నెల మందంతా ఒకేసారి ఒంట్లోకి పంపుతున్నాం కాబట్టి పూస తన మాట మీద నిలబడాలి. నిలబడకపోతే నెలంతా రావాల్సింది నాలుగు రోజుల్లో ఊడిపడుతుంది. ఈ మందు ఎక్కువైతే ముందు మగత నిద్ర పడుతుంది, తర్వాత ఊపిరి నెమ్మదిస్తుంది.

పూసలు చేసే పొడికి తడి అంటే పడదు. దాన్ని గడ్డకట్టే చలిలో దాస్తారు. వాడాలంటే సీసాని ఫ్రీజర్‌లోంచి తీసి, మూత ముట్టుకోకుండా ఒక పూట బల్ల మీద ఉంచాలి. చల్లసీసా మూత వెంటనే తీస్తే, చల్లటి నీళ్ళ గ్లాసుకి బయట చెమట పట్టినట్టు, లోపలి పొడికి చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ కంటికి కనపడదు. అదే పొడిని లోలోపల తెంపేస్తుంది. ఇలా ఒక పూట ఆగడాన్ని ల్యాబ్‌లో "సీసాని కూర్చోబెట్టడం" అంటారు. అక్కడ పొద్దున్నే ఎదురుపడితే కాఫీ తాగావా అని అడగరు, సీసా కూర్చుందా అని అడుగుతారు.

మన పిల్లని ఇంట్లో పెద్దది అంటారు, ల్యాబ్‌లో పూసలమ్మ అంటారు. నెల కిందట పై ఆఫీసరు పక్కనే నిలబడి తొందరపెడితే, సీసాని పావుగంట కూర్చోబెట్టి తెరిచింది. ల్యాబ్ లెక్కల పుస్తకంలో నాలుగున్నర గంటలని రాసింది. మొన్న సోమవారం ఆ సీసా కదిపి చూస్తే, పంచదారలా జారాల్సిన పొడి ముద్దకట్టి గాజుకి అతుక్కుని ఉంది. ఆ పొడితో చేసిన పూసల్ని మూడు చిన్న సీసాల్లో ఉప్పునీళ్ళలో వేసి, ఒంటివేడి ఉండే తొట్టిలో పెట్టింది. అదే సోమవారం, ఊరికి అటు చివర ఆస్పత్రిలో, పందొమ్మిది మందికి ఈ కొత్త మందు పరీక్ష సూదులు పడ్డాయి. వాళ్ళలో ఒకతి ఆమె సొంత చెల్లెలు.

సోమవారమే ఎందుకు అరవలేదని నాకు ఉత్తరాలు రాయకండి. భయపడింది. మూత వదులుగా ఉండి తర్వాత చెమ్మ పట్టిందేమోలే అని తనకి తనే నచ్చజెప్పుకుంది. భయపడ్డ మనిషికి సాకు దొరకడం ఎంతసేపు?

గురువారం. పొద్దున పదింపావు.

తొట్టి అటూ ఇటూ ఊగుతోంది. మూడు సీసాలు నడుం దాకా వేడినీళ్ళలో మునిగి, ఊయల్లో పిల్లల్లా ఊగుతున్నాయి. వాటిలో జరుగుతున్నదే సోమవారం నుంచి చెల్లెలి తొడ కండరంలో జరుగుతోంది. వేడి అదే, మొదలుపెట్టిన పూట అదే. పూసలమ్మకి ఆ సంగతి ఊపిరి తీసినప్పుడల్లా గుర్తొస్తూనే ఉంది.

ఒక్కో సీసాలోంచి చుక్క తీసి, వడగట్టి, కొలిచే యంత్రానికి ఇచ్చింది. తెర మీద గీత పాకుతూ, పాకుతూ, ఉన్నట్టుండి లేచింది. అంత ఎత్తు గీత ఆ తెర మీద ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఏంటే పూసలమ్మా, దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్?" అంటూ తూకం పిన్ని లోపలికొచ్చింది. పిన్నిది పక్కనే తూకాల గది. కళ్ళజోడు తాడుకి వేలాడుతుంటుంది, నోరు ఖాళీగా ఉండదు. "పొద్దున ఏమన్నా తిన్నావా, లేక ఇవాళ కూడా గాలే భోంచేశావా?"

"పిన్నీ, మూడో రోజుకి ఎంత మందు బయటికి రావాలి?"

"నన్నడుగుతావేంటే, నేను తూకాలదాన్ని. వందకి పదో పన్నెండో అని నువ్వే పాట పాడతావుగా."

"అరవై ఒకటొచ్చింది."

పిన్ని నవ్వింది. "పదహారుని తిరగేసి చదివావేమో చూడు."

"మూడు సీసాలకీ చూశా పిన్నీ. యాభై తొమ్మిది, అరవై ఒకటి, అరవై మూడు."

పిన్ని నవ్వు మొహం మీదే ఉండిపోయింది, వెనక్కి తీసుకోవడం మర్చిపోయినట్టు. "తొట్టి వేడి?"

"రెండు థర్మామీటర్లు పెట్టా. సరిగ్గానే ఉంది."

"మరి మొదటి రోజు?"

"నాలుగు. బుద్ధిగా నాలుగే. అప్పుడు బ్యాచ్ పాస్ చేసింది కూడా ఆ ఒక్క రోజు లెక్క చూసే. మిగతా రోజులు చూద్దామంటే తొట్టి వేరే పనికి కావాలన్నారు."

పూసల్ని చూస్తే ఏ వంకా లేదు. అందరూ మోసపోయింది అక్కడే. మైక్రోస్కోపు కింద నున్నగా, గుండ్రంగా, అచ్చుపోసినట్టు ఉన్నాయి. పైకి పెళ్ళికొడుకులు, లోపల పుచ్చు. మొదటి రోజు నిలబడి, రెండో రోజు పగుళ్ళిచ్చి, మూడో రోజుకి తలుపులు బార్లా తెరిచేశాయి.

పూసలమ్మ ఫోన్ తీసింది. రెండుసార్లు తప్పు నొక్కింది.

"అమ్మా, చిన్నది ఏం చేస్తోంది?"

"నీకు నూరేళ్ళాయుష్షే. ఇప్పుడే నీ గురించే అనుకుంటున్నా." అమ్మ గొంతులో ఎన్నాళ్ళుగానో వినని సంతోషం. "పడుకుందే. నిన్న సాయంత్రం పొద్దుండగానే పడుకుంది. ఆరేళ్ళయింది ఆ పిల్ల ఒళ్ళు తెలీకుండా నిద్రపోయి. ఒక్క వణుకు లేదు, ఒక్క ఉలుకు లేదు. నీ చేతులు చల్లగుండ, ఏం మందు చేశావే తల్లీ!"

పూసలమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"అమ్మా, దాన్ని లేపు."

"ఎందుకే లేపడం? కడుపులో చల్ల కదలకుండా పడుకుంది. కుట్టాల్సిన జాకెట్లు సాయంత్రం కుట్టుకుంటుందిలే, ఎవరి పెళ్ళీ ఆగిపోదు."

"అమ్మా! లేపమంటున్నానా?"

అమ్మకి ఆ గొంతు అర్థమైంది. చెప్పుల చప్పుడు వినపడింది. తలుపు చప్పుడు వినపడింది. "చిన్నీ... ఒసే చిన్నీ... అక్క పిలుస్తోంది లేవవే." మళ్ళీ. ఇంకోసారి, గట్టిగా. ఆ మూడో పిలుపులో సంతోషం లేదు.

"లేవట్లేదే. తెల్లారి పిలిస్తే ఊఁ అంది. ఇప్పుడు అదీ అనట్లేదు. పెద్దదానా, ఏమైందే దీనికి?"

"దాని ఛాతీ మీద చెయ్యి పెట్టు. పైకి లేచినప్పుడల్లా నాకు అంకె చెప్పు. ఊరికే లెక్కపెట్టు."

"ఒకటి." పూసలమ్మ గోడ గడియారం ముల్లు చూస్తోంది. "రెండు." మధ్యలో ఎంత జాగా! ఒక మనిషి గదిలోకొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చునేంత జాగా. "మూడు." పిన్ని పూసలమ్మ భుజం మీద చెయ్యేసి, తనూ పెదాలు కదుపుతోంది. నిమిషం తిరిగింది.

"ఎనిమిది," అంది అమ్మ. "ఎనిమిదంటే తక్కువా?"

మనం పద్నాలుగో పదహారో పీలుస్తాం. ఆ మాట అమ్మకి చెప్పలేదు. "దాన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టు. పక్కింటి వ్యాను అన్నయ్యని కేకెయ్యి. సోమవారం సూది వేసిన ఆస్పత్రికే తీసుకుపో. దారంతా చెంప తడుతూ, పేరు పెట్టి పిలుస్తూనే ఉండు. ఊపిరి ఆగినట్టనిపిస్తే ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదు. అమ్మా, ఏడవకు. ఏడిస్తే నీకు దాని ఊపిరి వినపడదు."

ఫోన్ పెట్టేసింది. పదీ నలభై.

"నువ్వు పోవే," అంది పిన్ని. "ఆస్పత్రికి ఎదురెళ్ళు. పై ఆయనకి నేను చెప్తా."

కాళ్ళు గుమ్మం వైపు తిరిగాయి కూడా. కానీ పన్నెండింటికి ఇంకో పద్నాలుగు మందికి అవే పూసలు ఎక్కిస్తారు. వాళ్ళు ఈపాటికి బెంచీల మీద కూర్చుని, చేతిలో చీటీలు పట్టుకుని, తమ వంతు ఎప్పుడా అని చూస్తుంటారు.

"నువ్వు చెప్తే నమ్మరు పిన్నీ. పుస్తకంలో సీసా బాగానే కూర్చుంది. ఆ రాత నాది."

పిన్ని ఆమెని ఎగాదిగా చూసింది. తిట్టబోయి, ఆగింది. "ఆ రోజు సీసాకి చెమట పడితే గుడ్డెట్టి తుడిచింది నేనేనే. తుడిచి నోర్మూసుకున్నా. పద, ఇద్దరం పోదాం."

పై ఆఫీసరుని ల్యాబ్‌లో వెనకాల సగటు సారు అంటారు. ఎవరు ఏ అంకె తెచ్చినా "సగటెంత?" అంటాడు, అందుకని. మనిషి దుర్మార్గుడు కాదు. నాకు ఒళ్ళు మండేదీ, భయమేసేదీ దానికే. దుర్మార్గుడైతే ముందే జాగ్రత్తపడతాం. ఈయన పుట్టినరోజులకి అందరికీ పెన్నులిస్తాడు, ఎవరికన్నా జ్వరమొస్తే ఫోన్ చేసి పలకరిస్తాడు, పైవాళ్ళు కన్నెర్ర చేస్తే మాత్రం పావుగంటని నాలుగున్నర గంటలు చేయిస్తాడు.

ఆయన గది మూడు వైపులా అద్దం. పూసలమ్మ తలుపు తట్టకుండా లోపలికెళ్ళి, కాగితం బల్ల మీద పెట్టింది.

"సార్, మధ్యాహ్నం సూదులు ఆపండి."

ఆయన కాగితం చూశాడు. కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. "ఏ ఒక్క సీసానో చూసి కంగారుపడకూడదమ్మా. సగటెంత?"

"అదే సార్. అరవై ఒకటి. మూడింటి సగటు."

"పూసల సైజు?"

"సైజు బ్రహ్మాండంగా ఉంది. చచ్చిపోయే వాళ్ళకి చూపిద్దాం, సంతోషిస్తారు."

"మాట జాగ్రత్త."

"సార్, మా..." ఆగింది. మా చెల్లెలు అనాలి. అంటే ఇంకోటి బయటపడుతుంది. ఈ పరీక్షలో చేరేవాళ్ళు ఒక ఫారం నింపాలి. మీ బంధువులెవరైనా ఈ కంపెనీలో పనిచేస్తున్నారా అని అందులో ఒక గడి ఉంది. చెల్లెలి తరఫున ఆ గడిలో "లేరు" అని రాసింది పూసలమ్మే. కుట్టుమిషన్ మీద కూలబడి, సూది వేలి గోట్లోంచి దిగి, పిల్ల రక్తంలో కొట్టుకుంటుంటే చూసిన అక్క. ఏ మాత్రా పనిచేయక, ఉన్న ఒక్క ఆశా తన చేతుల్లోనే తయారవుతుంటే, ఆ గడిలో ఇంకేం రాస్తుంది? తప్పే. కాదనను. సీసా తప్పు, పుస్తకం తప్పు, ఫారం తప్పు. మూడూ ఆమె చేతివే. మన పిల్ల కదాని వెనకేసుకురాను.

"మా చెల్లెలికి సోమవారం సూది పడింది," అంది. "ఇప్పుడు నిమిషానికి ఎనిమిది ఊపిర్లు. లేపితే లేవట్లేదు."

సగటు సారు మొహంలో రంగు పోయింది. వెంటనే ఇంకేదో వచ్చింది. దారి దొరికిన మనిషి మొహం.

"నీ చెల్లెలా? ట్రయల్‌లోనా?" నెమ్మదిగా వెనక్కి వాలాడు. "ఫారంలో ఏం రాశారమ్మా మరి?"

ఆమె కాగితాన్ని ఆయన ముందుకి ఇంకొంచెం జరిపింది.

"లేరని రాశారు. అంటే అబద్ధంతో చేరారు. ఇప్పుడు వచ్చి మందు మంచిది కాదంటున్నారు. బయటివాళ్ళు వింటే ఏమనుకుంటారు? చెల్లెలికి ఏదో అయితే ఆ కోపంలో ల్యాబ్ మీద పడిందంటారు. సీసా గురించి చెప్తావా? పుస్తకం చూపిస్తా. ఆరింటికి బయటికి తీశాం, పదిన్నరకి తెరిచాం. రాత నీది, సంతకం నీది."

"పక్కన నిలబడి రాయించింది మీరు."

"సాక్షి ఉన్నారా?"

"ఉంది బాబూ," అంది గుమ్మంలోంచి తూకం పిన్ని. "సాక్షికి మోకాళ్ళ నొప్పులు, అందుకని మెట్లెక్కడం ఆలస్యమైంది. పదీ పదికి సీసా వచ్చింది. పదీ ఇరవై అయిదుకి మూత తీసింది. దాని చెమట తుడిచిన గుడ్డ ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది. 'ఏం కాదు పిన్నీ, పావుగంట చాలు' అన్నది ఎవరో నేను చెప్పనా, మీరే చెప్తారా?"

సగటు సారు చేతులు బల్ల మీద పెట్టి చూసుకున్నాడు. కాగితం మడిచాడు, మళ్ళీ విప్పాడు. భయం ఒక్క కింది వాళ్ళకే ఉంటుందనుకోకండి. కాకపోతే కింది వాళ్ళ భయం ఇంట్లో మంచం మీద ఊపిరి లెక్కపెడుతుంది, పైవాళ్ళ భయం కుర్చీ కాళ్ళు లెక్కపెడుతుంది.

"ఏడో రోజు దాకా చూద్దాం," అన్నాడు. "సోమవారం కొలుద్దాం. అప్పుడు పక్కాగా..."

"సోమవారానికి కొలవడానికి ఏం మిగులుతుంది సార్?"

పూసలమ్మ బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన ఫోన్ లాక్కుంది. ఆస్పత్రిలో సూదుల పరీక్ష చూసే డాక్టరమ్మ నంబరు నొక్కి, గదంతా వినపడేలా స్పీకర్ పెట్టింది. ఆయన చెయ్యి ముందుకొచ్చింది. పిన్ని ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టింది, జ్వరం చూస్తున్నట్టు.

"చెప్పండి సార్," అంది డాక్టరమ్మ. వెనకాల బెంచీలు జరుపుతున్న చప్పుడు, ఎవరో దగ్గుతున్న చప్పుడు. "ఇక్కడ అందరూ వచ్చేశారు. పన్నెండు దాకా ఎందుకని ఇప్పుడే మొదలుపెడుతున్నా. మొదటాయన చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నాడు."

చెయ్యి కాదు కాలికి వెయ్యాలి అని, నవ్వొచ్చే మాట ఒకటి పూసలమ్మ బుర్రలో మెరిసి పోయింది. భయంలో మనిషి బుర్ర అలాగే ఉంటుంది.

"వద్దండీ! వెయ్యొద్దు. నేను పూసలు చేసే ల్యాబ్ అమ్మాయిని. బ్యాచ్ పాడైంది. నెల మందు మూడు రోజుల్లో సగానికి పైగా కారిపోయింది. సూది కింద పెట్టించండి ముందు."

ఫోన్‌కి దూరంగా, గది దద్దరిల్లేలా, "సిస్టర్! అన్నీ ట్రేలో పెట్టెయ్. ఎవరికీ వెయ్యకు. బాబూ, నువ్వు చొక్కా చెయ్యి దించుకో, ఇవాళ లేదు."

పద్నాలుగు సూదులు ఆగాయి. పిన్ని గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"ఇప్పుడు చెప్పమ్మా," అంది డాక్టరమ్మ. "నా దగ్గరున్న కాగితాల ప్రకారం బ్యాచ్ శుభ్రంగా ఉంది."

"కాగితం నేనే రాశానండీ. అబద్ధం రాశాను. సీసా కూర్చోకుండానే తెరిచాం. ఇంకో అబద్ధం కూడా ఉంది. పందొమ్మిది మందిలో నాలుగో నంబరు అమ్మాయి మా చెల్లెలు. ఊపిరి ఎనిమిదికొచ్చింది. అమ్మ మీ దగ్గరికే తీసుకొస్తోంది."

"నీ సంగతి తర్వాత చూద్దాం," అంది డాక్టరమ్మ. ఆ గొంతులో కోపం ఉంది, తొందర అంతకంటే ఎక్కువ ఉంది. "ఊపిరి మిషను సిద్ధం చేయిస్తా. మందు ఒంట్లోంచి దిగిపోయేదాకా ఊపిరి మనం నిలబెట్టగలిగితే పిల్ల బతుకుతుంది. మిగతా వాళ్ళందరికీ ఫోన్లు చేయిస్తున్నా. లైన్‌లో ఉండు."

లైన్‌లో ఉన్నారు. పదకొండు దాటి మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు. గదిలో ఎవరూ కూర్చోలేదు, కుర్చీలో ఉన్న ఆయన కూడా లేచి నిలబడ్డాడు. అద్దం అవతల ల్యాబ్ వాళ్ళు ఒక్కొక్కరే పని ఆపి ఇటు చూడడం మొదలుపెట్టారు. ఫోన్లోంచి నర్సుల గొంతులు ముక్కలుముక్కలుగా వస్తున్నాయి. "హలో, ఆస్పత్రి నుంచి... మగతగా ఉందా? నడిచి రావద్దు, ఎవరినన్నా తోడు తెచ్చుకోండి... హలో... హలో... ఎత్తట్లేదు మేడమ్... ఇదీ ఎత్తట్లేదు."

డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. "మీ చెల్లెలు కాక పద్దెనిమిది మంది. పదకొండు మంది ఎత్తారు. వస్తున్నారు. ఏడుగురు ఎత్తలేదు. ఏడు ఇళ్ళు ఏడు మూలల్లో ఉన్నాయి. నా దగ్గర అంబులెన్సులు రెండే. సార్, మీరున్నారా అక్కడ?"

"ఉన్నాను," అన్నాడు సగటు సారు.

"ఎవరికి మందు పూసలు పడ్డాయో, ఎవరికి ఉత్త పూసలు పడ్డాయో నాకు తెలీదు."

ఇది కొంచెం చెప్పాలి. ఇలాంటి పరీక్షల్లో సగం మందికి అసలు మందు, సగం మందికి మందు లేని ఖాళీ పూసలు ఎక్కిస్తారు. ఎవరికేది పడిందో రోగికీ చెప్పరు, డాక్టరుకీ చెప్పరు. తెలిస్తే చూసే చూపు వంకరపోతుందని. ఆ జాబితా మూసిన కవరులో ఉంటుంది. మంచి పద్ధతే. కవరు ఎవరి దగ్గరుందన్నదే గొడవ.

"అవసరానికి నా దగ్గర ఒక కవరు ఉండాలని మూడు ఉత్తరాలు రాశాను," అంది డాక్టరమ్మ. "మీరు పంపలేదు. ఉన్నదొక్కటీ మీ బీరువాలో ఉంది. తీసి చదవండి. ఏడుగురిలో ఎవరు నిద్రలో ఉన్నారో, ఎవరు పనిలో ఉండి ఫోన్ ఎత్తట్లేదో నాకు తెలియాలి. తెలియకపోతే ఉత్త పూసల ఇంటికి బండి పోతుంది, మందు పూసల ఇంట్లో మనిషి పోతాడు."

సగటు సారు కోటు జేబు మీద చెయ్యేసుకున్నాడు. లోపల తాళంచెవి ఉన్న జేబు.

"కవరు చింపితే ట్రయల్ చచ్చిపోయినట్టే," అన్నాడు. "తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళమ్మా. బోర్డు ఒప్పుకోకుండా నేను ముట్టుకోకూడదు. రెండింటికి మీటింగ్ పెట్టిస్తా. మూడింటి కల్లా..."

"మూడింటికా?" అంది ఫోన్లోంచి డాక్టరమ్మ.

అప్పుడు పూసలమ్మ చేతిలో ఉన్న సొంత ఫోన్ మోగింది. తెర మీద ఒకటే మాట. అమ్మ.

వ్యాను దారిలో ఉండాలి. చెంప తడుతూ ఉండాలి. ఎందుకు చేస్తోంది? ఊపిరి ఏడుకొచ్చిందని చెప్పడానికా, ఆస్పత్రి గేటు కనిపించిందని చెప్పడానికా? పిన్ని "ఎత్తవే" అంది. పూసలమ్మ బొటనవేలు తెర దాకా వెళ్ళింది. ఎత్తితే అమ్మ గొంతు తప్ప ఇంకేదీ వినపడదు తనకి. కాళ్ళు తలుపు వైపు పోతాయి. బీరువా మూసే ఉంటుంది.

ఫోన్ మోగుతూనే ఉంది. దాన్ని అలాగే పిన్ని చేతిలో పెట్టేసి, సగటు సారు ముందుకి వెళ్ళి అరచెయ్యి చాపింది. అద్దం అవతల ల్యాబ్ మొత్తం నిలబడి ఉంది.

"తాళం ఇవ్వండి సార్. కవరు చింపండి. ఏడుగురి నంబర్లూ పైకి చదవండి, డాక్టరమ్మ వింటోంది. బోర్డుకి మీరు తర్వాత చెప్పుకోండి, పోలీసులకి నేను చెప్పుకుంటా. ముందు చదవండి. ఇప్పుడు చదవండి."